ఎండకు కమిలిన ఒంటికి ఇంటి వైద్యం – ఏది మేలు? ఏది కీడు?

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. గుంటూరు, పల్నాడు పల్లెల్లో మిరప పనులు ముమ్మరంగా సాగేదీ సరిగ్గా అప్పుడే. చేలో కోత, కల్లంలో ఆరబోత, తాలుకాయ ఏరివేత, టిక్కీలకెత్తడం... పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అన్నీ ఎండలోనే. ఆ తర్వాత దాళ్వా కోతలు, వేసవి దుక్కులు, ఉపాధి పనులు. కృత్తిక కార్తె వచ్చేసరికి నేల నిప్పుల గుండమవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఉండనే ఉంది. రోళ్లే పగిలే ఎండలో మనిషి చర్మం ఏపాటిది?

పంటకు తెగులొస్తే పరుగెత్తి మందు తెచ్చే రైతు, తన మెడ మీద, ముంజేతుల మీద చర్మం కమిలి పొట్టు లేస్తుంటే పట్టించుకోడు. ‘ఎండకేముంది, మాకు అలవాటే’ అని సరిపెట్టుకుంటాడు. మరీ మంటగా ఉంటే ఇంట్లో ఏది కనిపిస్తే అది పూస్తారు. వాటిలో కొన్ని నిజంగా హాయినిస్తాయి. కొన్ని మంటను రెట్టింపు చేస్తాయి. కమిలిన చర్మంతో మర్నాడు మళ్లీ మిరప కోతకు వెళ్లిన ఆడకూలీల బాధ చెప్పనలవి కాదు. అందుకే ఏది పూయాలో, ఏది పూయకూడదో, అసలు కమలకుండా ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం.

కమలడం వేరు – వడదెబ్బ వేరు

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. వడదెబ్బ వేడి వల్ల వస్తుంది. చర్మం కమలడం మాత్రం ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల. ఈ కిరణాలు కంటికి కనిపించవు, ఒంటికి వేడిగానూ తగలవు. కాబట్టే చల్లగాలి వీస్తున్న మాఘమాసంలో కూడా మధ్యాహ్నం పూట ఒళ్లు కమలవచ్చు. పల్చటి మబ్బు పట్టినా ఈ కిరణాలు చాలావరకు దిగుతూనే ఉంటాయి.

ఇంకో సంగతి. తెల్లతోలు వాళ్లలాగా మన ఒళ్లు ఎర్రగా మారదు. నల్లని చర్మంలో ఉండే రంగు పదార్థం కొంత కాపు కాస్తుంది గానీ పూర్తిగా కాదు. మన వాళ్లలో కమిలిన చోటు నల్లబడుతుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, బిగుసుకుపోయినట్టు లాగుతుంది, చొక్కా తగిలితేనే చురుక్కుమంటుంది. ఇదంతా ఎండలో ఉన్నప్పుడే తెలియదు. నాలుగైదు గంటల తర్వాత, రాత్రి పడుకునే వేళకు మొదలవుతుంది. మర్నాటికి బాగా ముదురుతుంది. నాలుగు రోజులు పోయాక పొట్టు లేస్తుంది. మంట తెలిసేసరికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది కనుక, ముందు జాగ్రత్తను మించిన వైద్యం లేదు.

గడియారం అక్కర్లేదు, నీడ చాలు

కమిలించే కిరణాలు అన్నిటికన్నా తీవ్రంగా ఉండేది మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నర మధ్య. వేడి తారస్థాయికి చేరేది మూడు గంటల ప్రాంతంలో. అంటే పదకొండు నుంచి నాలుగు దాకా ఏదో ఒక దెబ్బ తగులుతూనే ఉంటుందన్నమాట.

దీనికో తేలిక లెక్క ఉంది. మీ నీడ మీకన్నా పొడుగ్గా ఉన్నంతసేపు ఎండ ఫరవాలేదు. నీడ మీకన్నా పొట్టిదైందంటే చర్మం కప్పుకోవాలి. నీడ కాళ్ల కిందికొచ్చిందంటే పని ఆపి చెట్టు కిందికి పోవాలి. మే నెలలో ఉదయం తొమ్మిదికే నీడ పొట్టిదైపోతుంది, మళ్లీ మూడున్నర దాటితే గానీ పెరగదు. తెల్లవారుజామున ఐదున్నరకు చేలో దిగి పదిన్నరకు గట్టెక్కడం, మళ్లీ నాలుగింటికి దిగడం అన్నివిధాలా మేలు. కోసిన కాయ కూడా పొద్దున్నే అయితే నలగదు.

ఎండ పైనుంచే వస్తుందనుకోవద్దు. నీళ్లు నిలిచిన మడి, తెల్లని ఇసుక, కల్లంలో పరిచిన పట్టా ఎండను కిందినుంచి మొహం మీదికి కొడతాయి. ఈ మధ్య మిరప, పుచ్చ తోటల్లో పరుస్తున్న వెండిరంగు మల్చింగ్ షీటు మరీనూ. గొడుగు వేసుకున్నా గడ్డం కింద, ముక్కు కింద కమలడానికి కారణం అదే. అలాంటి చేలల్లో పనిచేసేవారు తలకే కాదు, మొహానికీ గుడ్డ చుట్టుకోవాలి.

చొక్కాయే మొదటి మందు

మన ప్రాంతంలో మిరపకోతకు పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు. తలకు తువాలు చుడతారు. ఎవరు మొదలుపెట్టారో గానీ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఖరీదైన క్రీములు చేసే పని ఆ పాత చొక్కా చేస్తుంది. అయితే కొన్ని మెలకువలున్నాయి.

బట్ట నేత దట్టంగా ఉండాలి. వెలుగుకెదురుగా పట్టుకుంటే అవతలి మనిషి కనిపించేంత పల్చటి గుడ్డ, ఎండను ఆపదు. ఉతికి ఉతికి పల్చబడిన తెల్ల బనీను అసలే ఆపదు. చెమటకు తడిసిన పల్చటి బట్టలోంచి కిరణాలు ఇంకా ఎక్కువగా దూరతాయి. కాబట్టి దట్టమైన నూలు బట్ట, వదులుగా, మెడ దాకా ఉండేది వేసుకోవాలి. తలపాగా చుట్టేవారు కొసను మెడ వెనక్కి, చెవుల మీదికి వదలాలి. టోపీ పెట్టుకునే కుర్రాళ్లకు చెవులు, మెడ వెనక భాగమే ముందు కమలుతాయి.

పెదాలు, కళ్లు కూడా మరిచిపోవద్దు. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసేవారికి కింది పెదవి పగిలి మొద్దుబారుతుంది. ఎండ, దుమ్ము, గాలి మూడూ కలిసి కంట్లో తెల్లగుడ్డు మీద కండలాంటి పొర పెంచుతాయి. పెదాలకు కొద్దిగా వ్యాజలైను, కళ్లకు నల్లద్దాలు పెట్టుకోవడం ఫ్యాషను కాదు, అవసరం.

బజార్లో దొరికే ఎండ క్రీములు కొనగలిగినవారు 30 ఎస్‌పీఎఫ్ అని రాసి ఉన్నది తీసుకుని, గుడ్డ కప్పలేని చోట్ల పూసుకోవచ్చు. రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్నప్పుడల్లా మళ్లీ పూయకపోతే లాభం లేదు. మొహానికి పసుపు రాసుకుంటే ఎండ తగలదన్న నమ్మకం మాత్రం సరికాదు.

పనికొచ్చేటప్పుడు చంటిపిల్లల్ని వెంట తెచ్చుకునే తల్లులకు ఒక మాట. చెట్టుకు ఉయ్యాల కట్టి పనిలో పడితే గంటలో నీడ జరిగిపోతుంది, ఉయ్యాల ఎండలో మిగులుతుంది. చెట్టుకు తూర్పున కట్టారో పడమర కట్టారో చూసుకుని, ఒకరిని కాపలా పెట్టాలి. ఆరు నెలల్లోపు పిల్లలకు ఏ క్రీములూ పూయకుండా నీడలోనే ఉంచాలి.

కమిలిన వెంటనే చేయవలసింది

ఒళ్లు మంటగా ఉందని తెలియగానే నీడలోకి రావాలి. నగలు, బిగుతు బట్టలు తీసెయ్యాలి. చర్మం ఉబ్బాక గాజులు, ఉంగరాలు రావు. తర్వాత కుండలో నీళ్లతో మెత్తని నూలుగుడ్డ తడిపి, పిండి, కమిలినచోట కప్పాలి. పది పదిహేను నిమిషాలుంచి, గుడ్డ వేడెక్కితే మళ్లీ తడపాలి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేస్తే మంట సగం తగ్గుతుంది. ఇదే అన్నిటికన్నా నమ్మకమైన ఇంటి వైద్యం, పైసా ఖర్చు లేనిది.

స్నానానికి చల్లనీళ్లే వాడాలి. సున్నిపిండి, పీచు, గరుకు సబ్బు పెట్టి రుద్దకూడదు. తువాలుతో తుడవకుండా అద్దుకోవాలి.

పెరట్లో, వంటింట్లో దొరికే మందులు

కలబంద: గట్టున, పెరట్లో దొరికే కలబంద మట్టను కోసి, కోసిన కొసను కిందికి పెట్టి పావుగంట నిలబెట్టాలి. పసుపుపచ్చని జిగురు కారిపోతుంది. అది చర్మానికి మంట పుట్టిస్తుంది, దాన్ని కడిగెయ్యాలి. తర్వాత పైతోలు చెక్కి లోపలి తెల్లని గుజ్జు మాత్రమే పల్చగా పూయాలి. కొందరికి కలబంద పడదు. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి, దురద రాకపోతేనే మిగతాచోట్ల వాడాలి.

మజ్జిగ, పెరుగు: చల్లని మజ్జిగలో గుడ్డ తడిపి కప్పితే హాయిగా ఉంటుంది. పావుగంట తర్వాత కడిగెయ్యాలి. ఉప్పు వేసిన మజ్జిగ, బాగా పులిసిన పెరుగు పనికిరావు.

కీరదోస: చక్రాలుగా కోసి మొహం మీద, మెడ మీద పెట్టుకోవచ్చు. చల్లదనమే దీని గుణం.

గంజి: ఉప్పు వేయని, బాగా చల్లారిన గంజిలో గుడ్డ తడిపి కప్పితే లాగుడు, దురద తగ్గుతాయి.

గంధం: సాన మీద అరగదీసిన అసలు గంధం పల్చగా పూయవచ్చు. పొడిబారి పగిలేలా పట్టు వేయకూడదు.

కొబ్బరినూనె: మొదటి రోజు వద్దు. వేడి మీదున్న చర్మానికి నూనె పూస్తే ఆ వేడి లోపలే నిలుస్తుంది. వేడి పూర్తిగా తగ్గి, పొట్టు లేచే రోజుల్లో పల్చగా రాస్తే చర్మం పగలదు, దురద ఉండదు.

ఇవన్నీ చర్మం చిట్లనంతవరకే. బొబ్బ పగిలినచోట, పుండు పడినచోట ఆకు పసర్లు, మజ్జిగ, గుజ్జు ఏవీ పెట్టకూడదు. చీము పట్టే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో దొరికే కాలమైన్ లోషన్ చిట్లని చర్మం మీద దురదకు చవకైన ఉపాయం. నొప్పి ఎక్కువగా ఉంటే పారాసెటమాల్ బిళ్ల వేసుకోవచ్చు.

ఇవి మాత్రం వద్దు

ఐసుముక్క నేరుగా పెట్టవద్దు, కమిలిన చర్మం ఇంకా చెడుతుంది. వెన్న, నెయ్యి మొదట్లో పూయవద్దు. పళ్లపేస్టు చల్లగా అనిపిస్తుంది గానీ తర్వాత మంట పెడుతుంది. వంటసోడా, ముల్తానీ మట్టి చర్మాన్ని ఎండగడతాయి. బొబ్బల్ని సూదితో పొడవవద్దు. పైతోలే లోపలి పుండుకు కట్టు. పగిలితే శుభ్రమైన నీటితో కడిగి, పొడి గుడ్డ కప్పి ఆస్పత్రిలో చూపించుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు నిమ్మరసం. నలుపు విరుగుతుందని నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి పోయేవారున్నారు. నిమ్మతొక్కలోని నూనెకు ఎండ తగిలితే చర్మం ఉడికినట్టయి బొబ్బలు లేస్తాయి, నల్లని మచ్చలు నెలల తరబడి పోవు. నిమ్మతోటల్లో కాయలు కోసేవారు, షర్బత్ బండి వారు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఎండలోకి రావాలి. బొల్లికి వాడే బావంచాలకూ ఇదే గుణం ఉంది. వైద్యుడు చెప్పకుండా పూసుకుని ఎండలో నిలబడితే ఒళ్లు కాలినట్టవుతుంది.

కొన్ని మాత్రలు వాడేవారికీ ఎండ త్వరగా తగులుతుంది. డాక్సీసైక్లిన్, రక్తపోటుకిచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ అలాంటివి. మాత్ర మానవద్దు. పొలం పని చేస్తామని వైద్యుడికి ముందే చెప్పాలి.

మిరప ఘాటు అంటితే

మిరపకాయలోని ఘాటు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. కోతల తర్వాత చేతులు మండుతుంటే ఉత్త నీళ్లతో కడిగి లాభం లేదు. ముందు వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. ఎండకు కమిలిన చోట కల్లంలో దుమ్ము పడితే మంట నాలుగింతలవుతుంది. కమిలినవారిని నాలుగు రోజులు కోతకు, కల్లానికి కాకుండా నీడపట్టు పనికి పెట్టడం ఆసామి చేయగలిగిన సాయం.

ఎండ కాదు, వయ్యారిభామ!

మొహం, మెడ నల్లబడి దురద పెడితే ప్రతిదీ ఎండ దోషం కాదు. వయ్యారిభామ కలుపు పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి తగిలినా ఇలాగే ఉంటుంది. రెంటికీ తేడా తెలుసుకోవచ్చు. ఎండ తగలని చోట్ల, అంటే చెవుల వెనక, గడ్డం కింద, పైకనురెప్పల మీద, మోచేతి మడతల్లో దురద, పగుళ్లు ఉంటే వయ్యారిభామను అనుమానించాలి. దీనికి కలబంద చాలదు, చర్మవైద్యునికి చూపాలి. పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, ఆ మొక్కల్ని పీకెయ్యాలి.

మరో జబ్బు కూడా ఎండ కాటులాగే కనిపిస్తుంది. మెడ చుట్టూ పట్టెడ పెట్టినట్టు, చేతుల వెనక, పాదాల మీద చర్మం నల్లబడి గరుకుగా పొట్టు లేస్తుంది. నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి, మనిషి మందకొడిగా ఉంటాడు. దీని పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే విటమిను లోపం వల్ల వస్తుంది. పప్పులు, పాలు లేకుండా జొన్న మీదే బతికే పేదల్లో ఈ జబ్బు రావడాన్ని 1960 ప్రాంతంలో హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు పరిశోధించారు. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ వారు పనిచేసిన ఆ పరిశోధనాలయమే. రోజూ సారా తాగి తిండి మానేసేవారికీ ఇది వస్తుంది. ఎంత గంధం పూసినా తగ్గదు. విటమిను బిళ్లలు, వేరుశనగ, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం ఉన్న తిండితో తగ్గుతుంది. జొన్నను మానక్కర్లేదు, పక్కన పప్పు ఉండాలి.

కమిలిన ఒంటితో మందు కొట్టవద్దు

ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంతవరకు విషాన్ని ఆపుతుంది. కమిలి చిట్లిన చర్మం ఆపలేదు. చొక్కా లేకుండా, మిట్టమధ్యాహ్నం పురుగుమందు కొట్టడం ప్రాణాలతో చెలగాటం. పొద్దున్నే, గాలి లేనప్పుడు, ఒంటినిండా బట్టలతో కొట్టాలి.

మందు కొట్టినవాడు పడిపోతే వడదెబ్బ అనుకుని మజ్జిగ పోస్తూ కూర్చోవద్దు. నోట చొంగ, విపరీతమైన చెమట, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, వాంతులు కనిపిస్తే అది మందు విషం కావచ్చు. బట్టలు తీసి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

నీళ్లు తాగాలి – తాగనివ్వాలి

ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా, ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఉత్త నీళ్లే కాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ, తరవాణి, అంబలి, రాగిజావ, కొబ్బరినీళ్లు తీసుకోవాలి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపినా సరే. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పు సంగతి వైద్యుని అడగాలి. కల్లు, సారా దాహం తీర్చవు, ఒంట్లో నీరు తోడేస్తాయి. ఉల్లిపాయ జేబులో వేసుకుంటే వడ తగలదన్నది నమ్మకమే. సద్దన్నంలో మజ్జిగ పోసుకుని నంజుకుంటే మాత్రం అది మంచి తిండి.

ఇక్కడ పైకి చెప్పుకోలేని సంగతొకటుంది. చాలామంది ఆడకూలీలు పనివేళ నీళ్లు తాగరు. దాహం లేక కాదు, చాటుకు పోవడానికి చోటు లేక. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట, బిందె దాకా పోయొస్తే ఆ కాసేపటి కాయ పోతుందన్న బెంగ ఒకటి. ఈ రెండూ కలిసి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నోరెండబెట్టుకుంటారు. మూత్రంలో మంట, కాళ్లలో పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం వీటి ఫలితమే.

దీనికి మందు ఆసామి చేతిలో ఉంది. గట్టున నాలుగు గుంజలు పాతి, పాత పట్టాతో చాటు కట్టించాలి. నీళ్ల బిందె దూరాన చెట్టుకింద కాక, సాళ్ల మధ్యకు తెప్పించాలి. గంటకోసారి అందర్నీ ఒకేసారి ఐదు నిమిషాలు లేపాలి. అందరూ ఆగితే ఎవరి కాయా తగ్గదు.

ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం ఆపండి

మనిషి తడబడుతూ మాట్లాడినా, తలా తోకా లేకుండా మాట్లాడినా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట ఆగిపోవచ్చు, పడుతూనే ఉండవచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ప్రతి నిమిషం విలువైనదే. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బోరు నీళ్లు ఒళ్లంతా పోస్తూ విసరాలి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో తడి గుడ్డలు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడిని దించదు. అరికాళ్లకు ఉల్లిరసం రుద్దుతూ కాలయాపన చేయవద్దు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా బలయ్యారన్నది మరవకూడదు.

కమిలిన చర్మం విషయంలోనూ పెద్ద బొబ్బలు, జ్వరం, చలి, వాంతులు ఉన్నా, చీము పట్టినా, చంటిపిల్లలకు కమిలినా ఆస్పత్రికే వెళ్లాలి.

పాడికీ ఎండ కాటు

తెల్లమచ్చల సంకర ఆవులకు ఆ తెల్లని భాగాల్లో, రోమాలు లేని పొదుగు మీద చర్మం కమలవచ్చు. పశువు లాంటానా ఆకు మేస్తే కాలేయం చెడి, ఎండ తగిలిన తెల్లని చర్మం పగిలి ఊడిపోతుంది. మేత మానేసి, కళ్లు పచ్చబడితే ఇదేనని అనుమానించి, పశువును చీకటి పాకలో కట్టి, 1962కి ఫోన్ చేయాలి. గేదెకు చెమట తక్కువ, నల్లని ఒళ్లు వేడిని పీలుస్తుంది. మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లడమో, చెరువులోకి వదలడమో చేస్తే పాలు తగ్గవు.

పంటను కాపాడుకున్నట్టే పండించే ఒంటినీ కాపాడుకోవాలి. రేపు పొద్దున్నే చేలోకి వెళ్లేవారు ఫుల్‌చేతుల చొక్కా, తలగుడ్డ, నీళ్ల సీసా మూడూ ఈ రాత్రే గుమ్మం దగ్గర పెట్టుకోండి. కూలీలను పిలిచే రైతులు పని ఐదున్నరకే మొదలని ఇవాళే కబురు చేయండి.